పావగడ కంబళి: గరుకులో ఉన్న పనితనం

‘ఎక్కడ వేసిన గొంగళి అక్కడే’ అనే సామెత గొర్రెలు కాయనివాళ్ల ఇంట పుట్టి ఉండాలి. కాపరి గొంగళి ఒకచోట పడి ఉండేది కాదు. తెల్లవారి మంద లేచే వేళకు నాలుగు మడతలై భుజం మీద ఉంటుంది. ఎండ ముదిరితే నెత్తి మీదికి వస్తుంది. వాన పడితే కొప్పె అవుతుంది. దారిలో గొర్రె ఈనితే, తడి ఆరని పిల్లను చుట్టి చంకన పెట్టుకునే గుడ్డ అదే. మధ్యాహ్నం చెట్టు కింద సద్ది మూట విప్పేటప్పుడు పీట, రాత్రి మంద పక్కన నడుం వాల్చేటప్పుడు పరుపూ దుప్పటీ రెండూ. ఇల్లు వదిలి నెలల తరబడి ఆరుబయట బతకాలి, ఒకే ఒక్క గుడ్డ వెంట తీసుకుపోవచ్చు అంటే ఏది తీసుకోవాలి? దక్కన్ కాపరులు ఈ ప్రశ్నకు ఎన్నో తరాల కిందటే జవాబు నేసి పెట్టుకున్నారు.

దాన్ని తెలంగాణలో గొంగడి అంటారు, కోస్తాలో గొంగళి అంటారు. పావగడలో కంబళి. నేనూ ఇక్కడ కంబళి అనే అంటాను. నా ఎదుట పరిచి ఉన్నది అక్కడినుంచి తెచ్చుకున్నదే మరి.

పావగడ తాలూకా కర్ణాటకలో తుమకూరు జిల్లాది. పటంలో చూస్తే మాత్రం ఆంధ్రప్రదేశ్‌లోకి చొచ్చుకొచ్చిన ముక్కలా ఉంటుంది. మడకశిర, హిందూపురం, పెనుకొండ, కళ్యాణదుర్గం అన్నీ దానికి ఇరుగుపొరుగులే. ఆఫీసు కాగితం కన్నడం, బస్సు మీద బోర్డు కన్నడం, ఇంట్లో పొయ్యి దగ్గర మాట తెలుగు. బండరాళ్లు పేర్చినట్టుండే కొండలు, ఎర్రనేల, తుమ్మచెట్లు, శనక్కాయ చేలు. నాగలమడక దగ్గర ఉత్తర పినాకిని ఉంది గాని, ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడ కనిపించేది ఇసుకే. ఇలాంటి నేల మీద పంటను నమ్ముకున్నవాడికి నిద్ర పట్టదు. గొర్రె నయం. వాన ఎక్కడ కురిస్తే అక్కడికి నడుస్తుంది, ముళ్లచెట్టు కింద రాలిన కాయ కూడా ఏరుకు తింటుంది. రాత్రి గొర్రెలను తోలి ఉంచే దొడ్డిని ఈ సీమలో రొప్పం అంటారు. పావగడ తాలూకాలో రొప్ప అనే ఊరే ఒకటి ఉంది. ఇళ్లు లేవక ముందే అక్కడ మందలు ఆగి ఉంటాయని ఆ పేరు విన్నప్పుడల్లా అనిపిస్తుంది.

ఇక్కడ గొర్రెల కాపరులంటే ముఖ్యంగా కురుబలు. మంద వాళ్లదే, బొచ్చు కోసేదీ వాళ్లే, వడికేదీ నేసేదీ చాలామట్టుకు వాళ్లే. పెళ్లిలో చేతికి కట్టే కంకణాన్ని బట్టి వాళ్లలో ఉన్ని కంకణం వాళ్లు, హత్తి కంకణం వాళ్లు అని పాత విభజన ఒకటి ఉంది. హత్తి అంటే కన్నడంలో పత్తి. ఏ పోగుతో ముడి పడాలన్నది కులానికే గుర్తుగా నిలిచిందంటే ఆ పోగు వాళ్లకు ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు. పూజకు, పంచాయితీకి, పెళ్లికి పరిచే పవిత్రమైన ఆసనం కూడా కంబళే. పావగడకు పక్క తాలూకా చళ్లకెరె. చిత్రదుర్గం జిల్లాలోని ఆ ఊరి కంబళికి కన్నడ దేశమంతా పేరుంది. 1800-1801లో మైసూరు రాజ్యం తిరిగి చూసిన ఫ్రాన్సిస్ బుకానన్, 1807లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో కురుబల గురించీ వాళ్లు నేసే కంబళ్ల గురించీ రాశాడు. అంటే రెండు వందల ఏళ్ల కిందటే ఇది బయటివాడి కంట పడేంత పెద్ద పని.

ఇప్పుడు వస్తువు దగ్గరికి వద్దాం.

కొత్త కంబళిని మొదటిసారి ముట్టుకున్నవాళ్లు చెయ్యి వెనక్కి తీసుకుంటారు. గుచ్చుకుంటుంది. తెలుగులో ఒళ్లంతా నూగున్న పురుగుకు గొంగళిపురుగు అని పేరు పెట్టడం ఊరికే జరగలేదు. ఈ గరుకును చూసి ‘పాపం, మోటు పని’ అనుకునేవాళ్లు చాలామంది. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. పని దగ్గర కూర్చుని చూశాక తెలిసింది, ఆ గరుకును ఎవరూ పొరపాటున వదిలేయలేదు. గొర్రె దగ్గర మొదలుపెట్టి మగ్గం దాకా ప్రతి చేయీ దాన్ని కాపాడుకుంటూ వస్తుంది.

మొదట గొర్రె. ఈ మెట్ట సీమలో బొచ్చు గొర్రెలంటే దక్కనీ, బళ్లారి జాతులు. నల్లవి, గోధుమరంగువి, తెలుపు నలుపు కలిసినవి. స్వెటర్లకు వాడే మెరీనో ఉన్ని పోగు మందం 20 మైక్రాన్ల దగ్గర ఉంటే, దక్కనీ పోగు అంతకు రెట్టింపుకు పైమాటే. అదైనా ఒక్క తీరుగా ఉండదు. మెత్తటి ఉన్నీ, బిరుసు వెంట్రుకా కలగలిసి ఉంటాయి. ఉన్ని మిల్లుల లెక్కలో ఇది తివాచీలకు తప్ప పనికిరాని ముతక సరుకు. ఒంటికి అంటిపెట్టుకునే చొక్కా కోసం వేసిన లెక్క అది. కంబళి చొక్కా కాదు, ఆరుబయట మనిషి మోసుకు తిరిగే కప్పు. ఇంటి కప్పుకు పట్టుగుడ్డ వేసుకోం కదా.

ఐస్‌లాండ్ గొర్రెలకు కూడా ఇలాగే రెండు రకాల బొచ్చు ఉంటుంది. పైన పొడవైన బిరుసు వెంట్రుక, లోపల మెత్తటి నూగు. పైది నీటిని జార్చేస్తుంది, లోపలిది వేడిని పట్టి ఉంచుతుంది. మంచుదీవి గొర్రెకూ కరువుసీమ గొర్రెకూ ఆ మాత్రం చుట్టరికం ఉంది. అక్కడి స్వెటర్లు ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాయి. మన కంబళి సంత దాటలేదు.

బొచ్చు కోత మామూలుగా ఏడాదికి రెండుసార్లు. కోతకు ముందు గొర్రెలను కుంటలోకో వంకలోకో తోలి, ఒక్కొక్కదాన్ని పట్టుకుని చన్నీళ్లతో రుద్ది కడుగుతారు. సబ్బు లేదు, వేడినీళ్లు లేవు. ఇందులో ఒక కిటుకుంది. చన్నీళ్లకు దుమ్మూ చెమట ఉప్పూ పోతాయి, పోగుకు పట్టి ఉన్న సహజమైన జిడ్డు పోదు. మిల్లులో అయితే వేడినీళ్లూ సబ్బూ పెట్టి ఆ జిడ్డునంతా తీసేసి, లానొలిన్ అని పేరు పెట్టి ముఖానికి రాసుకునే క్రీములకు అమ్ముకుంటారు. కంబళిలో అది ఉన్నచోటే ఉండిపోయి, వాన చినుకును పోగులోకి దిగనివ్వదు. రెయిన్‌కోటుకు ఫ్యాక్టరీలో పూసే పూతను ఇక్కడ గొర్రె తన ఒంట్లోనే తయారుచేసి ఇస్తోంది. కడిగే మనిషి చేయాల్సిందల్లా దాన్ని పాడు చేయకపోవడమే.

కాళ్లు కట్టి గొర్రెను పక్కకు పడుకోబెట్టి పొడవాటి కత్తెరతో కోస్తారు. మంచి పనివాడి కత్తెర చప్పుడు ఆగకుండా ఒకే లయలో సాగుతుంది. చర్మాన్ని ఎడమచేత్తో సాగదీసి పట్టుకుంటాడు. ముడత పడితే తెగి రక్తం వస్తుందని ఆ జాగ్రత్త. ఒకసారి కోసినచోట రెండోసారి కత్తెర పెట్టడు. రెండోసారి వచ్చేవి పొట్టి తుంటలు, అవి నూలులో నిలవవు, తర్వాత కంబళి నుంచి రాలిపోతాయి. గొర్రెపిల్ల మొదటి కోత బొచ్చు అన్నిటికన్నా మెత్తన, నలుపు కూడా నిగనిగలాడుతుంది. దాన్ని విడిగా దాచుకుంటారు. ఒక్క గొర్రెకు ఒక కోతలో వచ్చేది కొద్దిపాటి బొచ్చే, పిడికిళ్లతో కొలవదగినంత. ఒక బరువైన కంబళి వెనక చిన్న మందే ఉంటుందన్న మాట.

తర్వాత రంగు ఏరడం. అసలైన కంబళిలో అద్దకం లేదు. నలుపు నల్లగొర్రెది, తెలుపు చార తెల్లగొర్రెది. ఎండకు నల్లబొచ్చు కొసలు ఎర్రబారతాయి. అందుకే పాత కంబళి దూరానికి నల్లగా, దగ్గరికి తెచ్చుకుంటే తేనెరంగు కలిసినట్టుగా ఉంటుంది. ఏరిన బొచ్చును చేత్తో విడదీసి, విల్లు నారి మీద కొట్టి ఏకుతారు. నారి మోగుతుంటే ముద్దలు పొగలా విచ్చుకుంటాయి, ముల్లూ మట్టీ కింద రాలిపోతాయి.

వడకడం ఎక్కువగా ఆడవాళ్ల పని. ఒక అవ్వ గడప పక్కన కూర్చుని వడుకుతుంటే గంటసేపు చూశాను. అందరి చూపూ రాట్నం తిప్పే కుడిచేతి మీదికి పోతుంది. చూడాల్సింది ఎడమచెయ్యి. బొచ్చును ఎంత వదలాలో, ఎప్పుడు బిగించాలో ఆ వేళ్లకే తెలుసు. బిరుసు వెంట్రుక నునుపుగా ఉంటుంది, ఒకదాన్నొకటి పట్టుకోదు, జారిపోవాలని చూస్తుంది. మెత్తటి ఉన్ని మధ్యలో ఉండి వాటిని కట్టి ఉంచాలి. రెండూ సరైన పాళ్లలో వేళ్ల మధ్యకు వస్తున్నాయా లేదా అని ఆవిడ చూసుకోవడం లేదు, తడుముకుంటోంది. నూలు తెగింది. ముడి వేస్తుందేమో అనుకున్నాను. వేయలేదు. రెండు కొసలనూ కాస్త విప్పి, ఒకదాని మీద ఒకటి పెట్టి, మెలితిప్పి వదిలింది. అతుకు ఎక్కడుందో తర్వాత నాకు కనబడలేదు.

‘‘ముడి ఎందుకెయ్యలేదవ్వా?’’ అన్నాను.

‘‘ముడేస్తే మగ్గంలో తట్టుకుంటాది నాయనా. తట్టుకునింది తెగుతాది’’ అంది, తల ఎత్తకుండా.

పడుగుకు బిగువుగా మెలివేసిన నూలు కావాలి, లాగుడు తట్టుకోవాలి కాబట్టి. పేక నూలు కొంచెం వదులుగా, బొద్దుగా ఉంటుంది. అందులోనే గాలి నిలుస్తుంది, చలి కాచేది ఆ గాలే. ఒక్క బుట్టలో బొచ్చుతో ఒకే మనిషి రెండు రకాల నూలు వడకడం, అదీ రోజంతా తేడా రాకుండా వడకడం, చూసి రావాల్సిన విద్య.

నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించింది గంజి పెట్టడం. ఈ గంజి బియ్యానిది కాదు, చింతగింజలది. గింజలను వేయించి, పైనున్న ఎర్రటి పొట్టు పోగొట్టి, లోపలి తెల్లపప్పును నానబెట్టి రుబ్బి ఉడికిస్తారు. జిగటగా, కాస్త చింతవాసనతో ముద్దలాంటి గంజి దిగుతుంది. వీధిలో గుంజలు పాతి పడుగును బారుగా సాగదీస్తారు. చూస్తే ఆ నూలు నిండా లేచి నిలబడ్డ వెంట్రుకలే. అలాగే మగ్గం ఎక్కిస్తే పక్కపక్క పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుని కదలవు. గంజిని పూసి, కుంచెతో ఒకే దిక్కుకు దువ్వుతూ పోతే వెంట్రుకలన్నీ పోగుకు అంటుకుని పడుకుంటాయి. నూలు తాడులా మారుతుంది. ఎండ ఎక్కక ముందే పని మొదలుపెడతారు. గంజి మరీ తొందరగా ఆరితే కుంచెకు లొంగదు. చిక్కనైతే పోగు పెళుసెక్కి నేతలో పుటుక్కుమంటుంది, పలచనైతే వెంట్రుక మళ్లీ లేస్తుంది. కొలత పాత్ర ఎక్కడా లేదు. ముంచిన వేళ్లను విడదీసి, మధ్యలో సాగే తీగ ఎంత దూరానికి తెగుతుందో చూసుకుంటారు, అంతే.

చింతగింజ పిండి గుణం జనపనార మిల్లులకూ నూలు మిల్లులకూ కూడా తెలుసు, బస్తాలకు బస్తాలు కొనేవాళ్లు. కరువుసీమలో చింతచెట్టుకు నీళ్లు పోయక్కర్లేదు. పులుసుకు పండు తీసుకున్నాక మిగిలే గింజ, మంద ఒంటి మీద పెరిగే బొచ్చు, వంకలో నాలుగు రోజులు నిలిచే నీళ్లు. బయటినుంచి కొని తేవలసింది ఒక్కటీ లేకుండా ఒక వానకోటు తయారవుతోంది. నాకు తెలిసిన చేతిపనుల్లో ఇంత పొదుపైనది ఇంకొకటి గుర్తుకు రావడం లేదు.

నేత గుంట మగ్గం మీద. నేసేవాడు నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటాడు. నేత మాత్రం సాదాదే, ఒకటి పైకి ఒకటి కిందికి. పువ్వులు, బొమ్మలు ఉండవు. పనితనం ఎక్కడంటే దట్టింపులో. పేక వేసిన ప్రతిసారీ దాన్ని చెక్కకత్తితో బలంగా కొడతాడు. వెలుతురుకు పట్టి చూస్తే సందు కనబడకూడదు. అలాగని మరీ బిగిస్తే గుడ్డ రేకులా అయి మడత పడదు, మనిషి మీద వాలదు. రెండో గుర్తు అంచు. పేక తిరిగి వచ్చే మలుపు దగ్గర లాగినకొద్దీ గుడ్డ నడుము సన్నబడుతుంది. మొదటి జానకూ చివరి జానకూ వెడల్పు ఒక్కటే ఉంటే ఆ చెయ్యి మంచిది. నా దగ్గరున్న కంబళిని మధ్యకు మడిచి అంచు మీద అంచు పెట్టి చూశాను. బెత్తెడు దూరం కూడా పక్కకు జరగలేదు. అంచు వెంట సన్నగా తెల్లచార ఒకటి పారుతుంది, చీకట్లో పడుకున్న మనిషి ఎక్కడున్నాడో తెలియడానికేమో అనిపించేలా. కొసల్లో మిగిలిన పడుగు పోగులను మెలితిప్పి వదిలేస్తారు. కత్తిరింపు లేదు, కుట్టు లేదు, గుండీ లేదు.

కొత్త కంబళి గంజి బిరుసుతో అట్టలా ఉంటుంది. నిలబెడితే దాదాపు నిలబడుతుంది. ఆ బిరుసే మొదటి వానల్లో పనికొస్తుంది. వాన మొదలవగానే కాపరి కంబళి ఒక మూలను లోపలికి నొక్కి, కోసుగా వచ్చినదాన్ని తలకు తగిలిస్తాడు. అదే కొప్పె. మిగతాదంతా వీపు మీదుగా మోకాళ్ల కిందికి గుడిసెలా దిగుతుంది. చినుకు పై వెంట్రుకల మీద పడి, వాటి బిరుసుకు నిలవలేక, కిందికి జారుతుంది. చేతులు లోపల ఖాళీగా ఉంటాయి, కర్ర పట్టుకోవచ్చు, పిల్లను ఎత్తుకోవచ్చు. గొడుగుతో ఈ పని కాదు. జోరువాన గంటలకొద్దీ కురిస్తే తడవదా అంటే తడుస్తుంది, బరువెక్కుతుంది. కానీ తడిసినా వెచ్చగానే ఉంటుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పోగు లోపల దాచుకుని కూడా ఒంటికి తడి తెలియనివ్వదు. పైగా తేమను పీల్చేటప్పుడు కాస్త వేడిని విడుస్తుంది. తడిసిన నూలుగుడ్డ ఒంట్లో వేడిని లాగేస్తుంది, తడిసిన కంబళి అలా చేయదు. ఇంకొక గుణం, నిప్పురవ్వ పడితే భగ్గున అంటుకోదు. మాడి, కమురు వాసన వేసి, తనంతట తానే ఆరిపోతుంది. మంద పక్కన నెగడు వేసుకుని పడుకునేవాడికి ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి.

ఆరుబయటి బట్టల గురించి ప్రపంచం నేర్చుకున్న పాఠం ఒకటి ఇక్కడ చెప్పాలి. 1924లో ఎవరెస్టు మీద కనుమరుగైన జార్జ్ మాలరీ దేహం 1999లో దొరికింది. ఆయన ఒంటి మీద ఉన్న పట్టు, నూలు, ఉన్ని బట్టల ముక్కలను పరిశీలించి అచ్చం అలాంటివే తయారుచేయించి, 2006లో ఎవరెస్టు మీద వేసుకుని చూశారు. పాతకాలపు ఆ బట్టలు తేలికగా, వెచ్చగా, కదలికకు అనువుగా ఉన్నాయని తేలింది. పాతబట్ట అనగానే నాసిరకం అనుకోవడం ఎంత తప్పో ఆ పరీక్ష చూపించింది. మన కంబళికి అలాంటి పరీక్ష ఎవరూ పెట్టలేదు. పెడితే నిలుస్తుందని నా నమ్మకం.

అయితే ఇదంతా తరిగిపోతోంది. మాంసానికి గిరాకీ పెరిగి, బొచ్చు లేని, తొందరగా బరువెక్కే నెల్లూరు జాతి పొట్టేళ్లను మందల్లో కలిపారు. పుట్టే పిల్లలకు బొచ్చు పలచబడింది. బొచ్చు అమ్మితే వచ్చే డబ్బు కోత కూలికి చాలడం లేదని కాపరులు చెబుతారు. కోసినదాన్ని చాలాచోట్ల పారేస్తున్నారు. సంతలో పానిపట్ మిల్లు రగ్గు చవక. మేత నేలా తగ్గింది. పావగడ తాలూకాలోని తిరుమణి, వళ్లూరు, బలసముద్రం చుట్టుపక్కల ఐదు ఊళ్ల భూముల్లో దాదాపు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు వచ్చింది. భూమి కౌలుకిచ్చిన రైతుకు ఏడాదికింత అని డబ్బు వస్తుంది, కరువుసీమలో అది చిన్న మేలు కాదు. భూమి లేని కాపరికి మాత్రం నిన్నటిదాకా మంద తిరిగిన బీడు మధ్యలో కంచె లేచింది. ఎండను కరెంటు చేసే నేర్పును మెచ్చుకుంటూనే, మందలకు దారి వదలాలని అడగడం న్యాయమని నేననుకుంటాను.

సభల్లో నాయకుల భుజాన కంబళి కప్పి ఫొటోలు తీస్తారు. అది గౌరవమే, కాదనను. వడికే అవ్వకు దానివల్ల నాలుగు పూటల కూలి వస్తే ఇంకా సంతోషిస్తాను. ముతక ఉన్నిని మెత్తబరచాలని తంటాలు పడేకన్నా, అది ముతకగా ఉండటమే మేలైన పనులు వెతకాలి. పొలం కాపలాకు, కొండలెక్కేవాళ్లకు, బయట పడుకునే యాత్రికులకు, నేల మీద ఆసనానికి, బూట్ల పైతొడుగుకు. అప్పుడు మందలో బొచ్చు గొర్రెకూ చోటుంటుంది.

పావగడ, చళ్లకెరె వైపు పోయినప్పుడు కంబళి కొనాలనుకుంటే ఈ సంగతులు గుర్తుంచుకోండి. నేసినవాళ్ల ఇంటి దగ్గరే అడిగి కొనండి. కొసనుంచి ఒక పోగు లాగి వెలిగించి చూడండి. వెంట్రుకలు కాలిన కమురు వాసన వచ్చి, వేళ్లతో నలిపితే బూడిదైతే అది గొర్రెది. ప్లాస్టిక్ వాసన వేసి, కరిగి గట్టి పూసలా ముద్దకడితే అది మిల్లు కృత్రిమ పోగుది. అంచు మీద అంచు వేసి వెడల్పు చూడండి. వెలుతురుకు పట్టి సందులు చూడండి. గుచ్చుకుంటోందని వెనక్కి ఇవ్వకండి, ఏడాది వాడితే మెత్తబడుతుంది. ఇంటికి తెచ్చాక సబ్బుతో ఉతకకండి, వేడినీళ్లలో ముంచకండి, నీడపట్టున ఆరేయండి. ఎండిన వేపాకు మడతల్లో వేసి దాస్తే చిమట పట్టదు.